వెండి మృత్తికయు మోటుపల్లి ముత్యమును

మాఘ పూర్ణిమ నాడు సూర్యలంకలో సముద్రస్నానము ముగించుకొని మా ఆలయమునకు వచ్చిన ఒక గృహిణి, తాను స్వహస్తములతో చేసిన చిప్ప ఆకారపు వెండి పతకమును నా చేతికిచ్చినది. "వెండి మట్టితో చేశానండి పంతులుగారూ. మట్టి కలిసింది అమ్మవారి మెడలో వేయవచ్చునా?" అని ఆమె సందేహము. నాకు వెంటనే ఉత్తరము తోచలేదు.

విచారింపగా, అది 1990 ప్రాంతమున జపాను దేశమందు మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ రూపొందించిన పదార్థమట. శుద్ధరజతపు సూక్ష్మచూర్ణమునకు జలమును, మండిపోవు జిగురును చేర్చి ముద్ద చేయుదురు. దానిపై చిప్పను అద్ది ముద్ర తీసి, ఆరబెట్టి కాల్చినచో జిగురు నశించి, రజతకణములు పరస్పరము అతుకుకొని, వస్తువు కొంత కుంచించుకొని, కేవల రజతమే మిగులును. ఇందు మట్టి లేశమైనను లేదు! ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మృత్పిండమును, సువర్ణమును వేర్వేరు దృష్టాంతములుగా చూపెను. ఇచ్చట లోహమునకు మట్టి పేరు తగిలించినారు, అంతియే.

ఈ పద్ధతి మనకు పూర్తిగా అపరిచితమును కాదు. 12వ శతాబ్దమున చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మధూచ్ఛిష్టవిధానము వర్ణితమైనది. మైనపు రూపమునకు మట్టి పూసి, వేడిచే మైనమును కరగించి, ఆ శూన్యమున ద్రవలోహమును పోయుదురు. అక్కడ మైనము తొలగి లోహము ప్రవేశించును. ఇక్కడ జిగురు తొలగి లోహము నిలుచును. ఏ మట్టి తగిలినదని మన పంచలోహ విగ్రహములను ఎవరును దూరముంచలేదు గదా.

అయినను ఆమె ప్రశ్న నన్ను వేరొక చోటికి తీసికొనిపోయినది. నేడు గుంటూరు సీమ అనగా మిరప, పత్తి అని లోకము తలచును. ప్రక్కనే ఉన్న సముద్రమును మనమే మరచితిమి. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించిన భట్టిప్రోలు స్తూపమున ధాతుకరండములతో బంగారు పూవులు, ముత్యములు లభించినవి. మన పొలములలో ముత్యములు పండవు. అవి దక్షిణ సముద్రమునుండి రావలసినవే.

ఆ సముద్రవ్యాపారమునకు తరువాతి కాలమున ప్రధాన ద్వారము మోటుపల్లి. అక్కడి వీరభద్రాలయమున శక 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటి కాకతీయ గణపతిదేవుని అభయశాసన స్తంభమున్నది. ముత్యములు, పగడములు, కర్పూరము, చందనము, దంతము, పట్టు మొదలగు సరకులపై సుంకము అందు నిర్ణీతమైనది. నన్ను నిలిపినది సుంకము కాదు. అంతకు పూర్వము తుఫానుకు కొట్టుకొనివచ్చి తీరమున చేరిన ఓడలలోని కనకమును, గజాశ్వములను, రత్నములను రాజులు బలాత్కారముగా సర్వమును గ్రహించెడివారట. ప్రాణముకంటె ధనము మిన్నయని సాహసించి సముద్రమును దాటివచ్చు వారిపై కృపతో, కీర్తికొరకు, ధర్మముకొరకు, నియతసుంకము తప్ప అన్నియు విడిచిపెట్టుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను. 1358లో అనపోతారెడ్డి సైతము అక్కడనే వర్తకులకు అభయమిచ్చెను. మార్కో పోలో ముత్ఫిలి అని వ్రాసినది ఈ రేవునే.

రాజులు దేవాలయములకు హారములిచ్చినారని మనము గర్వముతో చెప్పుకొందుము. శాసనమునకు పూర్వపు ఆ హారములలో మునిగినవాని ముత్యము ఒకటైనను ఉండలేదని ఎవరు చెప్పగలరు? నిప్పు వెండిలోని జిగురును దహించును గాని, అపహరణ దోషమును దహింపదు. వస్తుశుద్ధికంటె ముందు అర్థశుద్ధి విచారింపవలెనని మనువు మొదలు స్మృతికర్తలు అర్థశౌచమునకే అగ్రస్థానమిచ్చినారు. ఆలయములలో ఈ ప్రశ్న మేము తరచుగా అడుగము. దాతకు కోపము వచ్చునని భయము.

మరునాడు ఆమెను అడిగితిని: "అమ్మా, ముద్ర తీసిన చిప్ప ఎక్కడిది?"

"సూర్యలంక ఒడ్డున ఏరుకున్నదేనండి. లోపల పురుగు లేదు, ఖాళీ చిప్ప. వెండి మాత్రం కుట్టుకూలి డబ్బులతో కొన్నాను."

పతకము తులమైనను తూగదు. శుక్రవారపు అలంకారమున దానిని అమ్మవారి ముత్యాలసరమునకు మధ్యగా కట్టితిని.