అజరయ్య, వేదనాయగం శామ్యూల్ (1874–1945)

ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు, దోర్నకల్ అధ్యక్ష ఖండానికి (డయోసీస్‌కు) మొదటి బిషప్. పుట్టింది తిరునెల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళైలో, 1874 ఆగస్టు 17న. తండ్రి పల్లెటూరి చర్చి గురువు. మాతృభాష తమిళమే అయినా ఆయన జీవితంలో సగభాగం తెలుగు పల్లెల్లోనే గడిచింది.

ఆయన కథకు అప్పటి కృష్ణా జిల్లా మెట్టప్రాంతంలో, ఆయన తెలుగు సీమకు రావడానికి అర్ధ శతాబ్దం ముందే పునాది పడింది. మచిలీపట్నంలో 1841లో మొదలైన చర్చి మిషనరీ సొసైటీ పని తొలి ఏళ్లలో నోబుల్ దొర బడి చుట్టూ, పై కులాల పిల్లల చదువు చుట్టూ తిరిగింది. ఆ దారి మళ్లించినవాడు నందిగామ దగ్గరి రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య. ఆయన 1859లో మిషనరీ డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొంది, ఆ కబురును తానే చుట్టాల పల్లెలకు మోసుకుపోయాడు. ఈ సీమలో క్రైస్తవం దొరల బంగళా నుంచి కాక మాలపల్లె అరుగుల మీద నుంచి పాకిందని చెప్పడమే న్యాయం.

అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతా తిరిగి, భారతీయుల సొమ్ముతో, భారతీయుల చేతుల మీదుగా సువార్త సాగాలని 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పడంలో ముందు నిలిచాడు. ఆ సంఘం ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని దోర్నకల్. 1909లో గురువుగా అభిషేకం పొంది తానే అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. మరుసటి ఏడు ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే, మీ త్యాగానికి కృతజ్ఞులం, మాకు మీ స్నేహం కూడా కావాలి అన్న భావంతో మాట్లాడాడు. సభలో కొందరికి అది గుచ్చుకుంది. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆనాటి పరిస్థితి తెలిసినవారికే అర్థమవుతుంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. మొదట చిన్నదైన ఆయన ఖండంలోకి 1920ల ఆరంభంలో కృష్ణా ప్రాంతపు సంఘాలూ వచ్చి చేరాయి. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. పల్లె ఉపదేశకులకు శిక్షణ, తెలుగు గురువుల అభిషేకం, తాగుడు మాన్పించడం, ఒకే బల్ల దగ్గర రెండు కులాలనూ కూర్చోబెట్టడం ఆయన నిత్యకృత్యాలు. చివరిది అన్నిటికన్నా కష్టమైన పని.

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. దళితుల మతమార్పిడి విషయంలో మాత్రం 1930లలో గాంధీజీతో విభేదించాడు. పేదవాడికి తన విశ్వాసం తాను ఎంచుకునే తెలివి ఉందన్నదే ఆయన పట్టుదల.

1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథడ్రల్‌లో మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు కలిసి కనిపిస్తాయి.

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశాడు. 1919 తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా రూపుకట్టింది. నందిగామ, జగ్గయ్యపేట సంఘాలు అందులోని కృష్ణా–గోదావరి అధ్యక్ష ఖండంలో ఉన్నాయి.