పెట్రోలు తోడు పంపు

నీళ్లు తోడుటలో నలిగిన అనంతపురము వారికి మోటారు కారులోని పెట్రోలు పంపు సంగతి సులభముగనే బోధపడును. బావి లోతైన కొలది కపిలకు కష్టము. టాంకి దూరమైన కొలది పంపునకు కష్టము.

తొలుత పంపే లేదు. 1908లో వెలువడిన ఫోర్డు ‘మోడల్ టి’ కారులో టాంకి ముందుసీటు క్రింద నుండెడిది. పెట్రోలు తన బరువుననే ఇంజనునకు జారెడిది. టాంకిలో కొంచెమే మిగిలియుండగా నిటారైన గట్టు ఎదురైనచో, కారును వెనుకకు మరల్చి, రివర్సు గేరులో ఎక్కింపవలసివచ్చెడిది! పిమ్మట ఇంజను పీల్పుతోనే పెట్రోలును లాగు వాక్యూం టాంకి వచ్చినది. యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి పొడుగాటి ఎగువను ఎక్కునప్పుడే ఆ పీల్పు సన్నగిల్లెడిది.

1920ల చివర వ్యాప్తికి వచ్చిన యాంత్రికపు పంపు ఈ చిక్కును తీర్చెను. ఇంజనులోని క్యాంషాఫ్టు ఒక మీటను కదలించును. మీట డయాఫ్రమును లాగును. స్ప్రింగు దానిని తిరిగి నెట్టును. ఒత్తిడిని నిర్ణయించునది ఆ స్ప్రింగే.

మధ్యతరహా కారులో పెద్ద ఇంజను బిగించిన అమెరికను ‘మజిల్ కారు’నకును, బొంబాయిలో తయారై మన వీధులలో తిరిగిన ఫియట్ 1100కును పంపు సూత్రమొక్కటియే, ఆకలి వేఱు. 1964 నాటి పోంటియాక్ జి.టి.ఓ. ఇంజను 6.4 లీటర్లు, ఫియట్‌ది ఇంచుమించు 1.1 లీటరు. పెద్ద కార్బురేటరు చదరపు అంగుళమునకు అయిదాఱు పౌనుల ఒత్తిడికి తాళును. చిన్నదానికి రెండుమూడు చాలును. మించినచో సూదివాల్వు ఆపలేక పెట్రోలు పొంగిపొరలును. పాత కారుకు పంపు కొనువారు సామాన్యముగా ఒత్తిడి యంకెనే చూతురు. ఇంజను పూర్తి వేగమున నున్నప్పుడు గంటకెంత పోయగలదో చూచుట ముఖ్యమని నా యభిప్రాయము.

ఇక మన యెండ. మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటు సీమ ఇది. యాంత్రికపు పంపు వేడి ఇంజనునంటి యుండి, వెనుకనున్న టాంకినుండి పీల్చును. పీల్చు గొట్టములో ఒత్తిడి తగ్గి, పెట్రోలు ఆవిరియగును. ఆవిరిని పంపు తోడలేదు. కారు నడిదారిలో నిలిచిపోవును. పంపుపై తడిగుడ్డ కప్పుట పాత డ్రైవర్లెఱిగిన వైద్యము. (ఆ నీళ్లకును కఱవైన ఏండ్లు కలవు.) గొట్టము సన్నదైనచో పెద్ద పంపు మఱింత గట్టిగా పీల్చి ఆవిరినే పెంచును. కావున గొట్టమును వేడికి దూరముగా నడిపి, మిగులు పెట్రోలును టాంకికి మరల్చు దారి గల పంపును ఎన్నుకొనుట మేలు. నేటి పెట్రోలులో 20 శాతము వఱకు ఇథనాలు కలియుచున్నది. పాత రబ్బరు డయాఫ్రము దానికి చెడును. ఏండ్లుగా పెట్టెలో దాచిన ‘అసలు’ పంపునకు ఆశపడరాదు.

పెనుకొండ చెంత 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి. వాని పెట్రోలు పంపు టాంకిలోనే మునిగియుండి, విద్యుత్తుతో నడచును. దూరమునుండి పీల్చదు, ముందుకు నెట్టును, మన బోరుబావిలో దింపిన మోటారు వలె.