పొరను తోసిన శలాక

వయసు మళ్లినవారి కంటిలో తెల్లదనం చేరి చూపు మసకబారితే తెలుగునాట దానిని శుక్లమనీ, పొర కమ్మిందనీ అంటారు; శస్త్రచికిత్స చేయించుకుని వచ్చినవారు నేటికీ పొర తీయించుకున్నామనే చెబుతారు. నిజానికి అక్కడ తీయవలసిన పొర ఏదీ లేదు. ఐరిస్ అనే రంగు తెర మధ్యనున్న రంధ్రమే కంటిపాప. ఆ తెర వెనుకనే, సన్నని తంతువులు చుట్టూ పట్టి ఉంచగా నిలిచే పారదర్శకమైన కటకం తెల్లబడి, లోపలికి వెళ్లవలసిన కాంతికి అడ్డుపడుతుంది. చెడినది కటకమేనని వైద్యశాస్త్రం ఒప్పుకున్నది పద్దెనిమిదో శతాబ్దిలో మాత్రమే. ఆ కటకాన్ని కంటిపాపకు ఎదురు నుంచి తప్పించే విద్య మాత్రం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే వైద్యుల చేతికి వచ్చింది.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం ఈ చికిత్సను వివరంగా చెప్పిన అతి ప్రాచీన గ్రంథాలలో ఒకటి. అందులో కన్ను రెప్పవెంట్రుకలు మొదలుకొని దృష్టి వరకు ఐదు మండలాలుగా, ఆరు పటలాలుగా విభజితమైంది. ఇక్కడ దృష్టి అంటే కంటిపాప ఉన్న భాగం; అది మసూరపప్పు బద్దంత ఉంటుందని కొలత కూడా ఇచ్చారు. పటలమంటే పొరే. దోషం ఒక్కొక్క పటలాన్నీ ఆక్రమిస్తూ పోయి చివరకు చూపును పూర్తిగా కప్పివేస్తే దానిని లింగనాశమన్నారు. అందులో కఫం వల్ల కలిగినదానికే శలాకతో, అంటే సూదివంటి సన్నని పరికరంతో, చికిత్స చేయవచ్చునన్నారు. తెలుగు మాటలోని పొరకూ, ఈ పటలానికీ ఉన్న పోలిక యాదృచ్ఛికం కాకపోవచ్చు.

చికిత్స జరిగే తీరును ఆ గ్రంథం దగ్గరగా నిలబడి చూసినట్లు వర్ణిస్తుంది. ఎండా చలీ మితంగా ఉన్న కాలంలో రోగిని కూర్చోబెట్టి, కదలకుండా పట్టి ఉంచి, తన ముక్కువైపే చూస్తూ ఉండమంటారు. నల్లగుడ్డు అంచు నుంచి తెల్లగుడ్డులో రెండు భాగాలు విడిచి, కంటి బయటి కొన వైపున, రక్తనాళాలు తగలకుండా, యవగింజ మొనవంటి కొస గల శలాకను గుచ్చుతారు. ఎడమ కంటికి కుడిచేతితో, కుడి కంటికి ఎడమచేతితో. సరైన చోట దిగితే చిన్న శబ్దమై నీటిబొట్టు కనిపిస్తుంది. వెంటనే కంటిని స్త్రీ స్తన్యంతో తడిపి, శలాక కొసతో దృష్టి మండలాన్ని గీరి, ఆ కంటికి అవతలి వైపు ముక్కుపుటాన్ని మూసి గట్టిగా చీదమంటారు. ఎదుటి వస్తువులు రోగికి కనబడగానే శలాకను మెల్లగా తీసి, నేతిలో తడిపిన దూదితో కట్టు కడతారు. ఆపైన రోగి వెల్లకిలా పడుకోవాలి. తుమ్ము, దగ్గు, త్రేనుపు కూడా కూడదు.

తెల్లగుడ్డులో చెప్పిన ఆ చోటు ఆశ్చర్యం గొలుపుతుంది. నల్లగుడ్డు అంచుకు మరీ దగ్గరగా గుచ్చితే ఐరిస్ మూలం, మరీ దూరంగా గుచ్చితే కాంతిని గ్రహించే సున్నితమైన రెటీనా దెబ్బతింటాయి. ఆ రెండింటి మధ్య ఒక సన్నని పట్టీ మాత్రమే నిరపాయంగా ఉంటుంది. నేడు కంటి లోపలి జెల్లీవంటి ద్రవంపై శస్త్రచికిత్స చేసేవారు నల్లగుడ్డు అంచుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ప్రవేశించేది ఇంచుమించు ఈ ప్రాంతంలోనే. అంగరచన చిత్రపటాలు లేని కాలంలో గుచ్చి చూసిన అనుభవమే, చెడిన కళ్ల సాక్షిగా, ఆ చోటును నేర్పి ఉండాలి.

శలాక తాకిడికి తంతువులు తెగి కటకం కంటి అడుగుకు జారుతుంది, కంటిపాప తేటపడుతుంది. కాంతిని వంచే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శకమైన కార్నియాదే కాబట్టి, కటకం లేకున్నా మనుషులనూ, దారినీ పోల్చుకునేంత చూపు దక్కుతుంది. కళ్లద్దాలు లేని కాలంలో పూర్తి చీకటి నుంచి అంతమాత్రం బయటపడటం చిన్న విషయం కాదు.

మధ్యధరా ప్రాంతంలోనూ ఇదే చికిత్స సాగింది. ఒకటవ శతాబ్దిలో రోమన్ రచయిత సెల్సస్ దానిని వర్ణించాడు. ఆయన లెక్కలో కంటిపాపకూ కటకానికీ నడుమ ఖాళీ చోటు ఉంది, పైనుంచి దిగిన ద్రవం అక్కడ గడ్డకట్టి పొర అవుతుంది. రెండవ శతాబ్దిలో వైద్యుడు గాలెన్ చూపుకు ప్రధానాంగం కటకమేనని బోధించడంతో ఈ నమ్మకం మరింత బలపడింది: చూసేదే కటకమైతే, దానిని తోసివేసిన తరువాత చూపు రావడమెలా? కాబట్టి సూది తోసేది వేరే ఏదో అయి ఉండాలి. అరబ్బీ వైద్య గ్రంథాలను పదకొండవ శతాబ్దిలో లాటిన్‌లోకి తెచ్చిన కాన్‌స్టంటైన్ ఈ జబ్బుకు జలపాతమనే అర్థం కూడా ఉన్న కాటరాక్ట్ అనే పేరు స్థిరపరిచాడు. శాస్త్రానికి కళ్లెదుటి నిజం కనబడకుండా చేసినది పరిశీలన లోపం కన్నా, ఎవరూ ప్రశ్నించని ఆ సిద్ధాంతమే. చనిపోయినవారి దేహాలను స్వయంగా కోసి చూసిన వెసాలియస్ కూడా 1543లో అచ్చయిన తన గ్రంథంలో కటకాన్ని కనుగుడ్డు నట్టనడుమ గీయించాడు.

1583లో వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ చూపుకు ఆధారం రెటీనా అని చెప్పగా, 1604లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ కటకం కాంతిని కూర్చి రెటీనాపై తలకిందుల బింబాన్ని ఏర్పరచే సాధనమేనని నిరూపించాడు. కటకం చూసే అవయవం కాదని తేలాక, అది చెడవచ్చుననీ, లేకున్నా చూపు మిగలవచ్చుననీ ఊహించడానికి దారి ఏర్పడింది. 1705లో ఫ్రెంచి వైద్యుడు పియెర్ బ్రిస్సో శుక్లం ముదిరిన ఒక మృత సైనికుడి కంటిలో సూదితో చికిత్స చేసి, తరువాత ఆ కంటినే కోసి చూశాడు. అడుగున పడి ఉన్నది పొర కాదు, తెల్లబడిన కటకమే. ఈ మాటను ప్యారిస్ పండితులు వెంటనే నమ్మలేదు.

నమ్మిన తరువాత మరొక ప్రశ్న పుట్టింది: చెడినది కటకమే అయితే దానిని కంటిలోనే వదిలేయడం దేనికి? ఫ్రెంచి శస్త్రవైద్యుడు జాక్ డావియెల్ కార్నియా అంచును కోసి కటకాన్ని బయటకు తీసే పద్ధతిని రూపొందించి, 1752 నాటికి 115 చికిత్సలలో నూరు ఫలించాయని ప్రకటించాడు. అయినా పాత పద్ధతి వెంటనే పోలేదు. 1750లో సంగీతకారుడు బాఖ్ కంటికి లైప్‌జిగ్‌లో కంటి వైద్యుడు జాన్ టేలర్ చేసినది సూది చికిత్సే. బాఖ్‌కు చూపు రాలేదు, ఆ ఏడే మరణించాడు.

భారతదేశంలో ఊరూరా తిరిగే వైద్యులు ఇరవయ్యో శతాబ్దిలోనూ ఈ పని చేస్తూనే ఉన్నారు. ఆంధ్ర జిల్లాలు కూడా భాగమైన మద్రాసు రాజధానికి 1819లోనే కంటి ఆసుపత్రి ఏర్పడినా, దూరపు పల్లెవారికి దాని దారి తెలియదు. ఇంటి గుమ్మానికి వచ్చేవాడు సూది వైద్యుడే. రోగి వేళ్లు లెక్కపెట్టగలిగితే చాలు, నాటికి అది విజయమే. చీము పట్టడం, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నాడి నశించడం తరువాతి రోజుల మాట, అప్పటికి ఆ వైద్యుడు ఊరు దాటిపోయేవాడు. మద్రాసు ఆసుపత్రికి అధిపతిగా పనిచేసిన రాబర్ట్ హెన్రీ ఇలియట్ అలా చెడిన కళ్లను తీయవలసి వచ్చినప్పుడు భద్రపరచి, కోసి, పరిశీలించి, 1918లో ఈ చికిత్సపైనే ఒక పుస్తకం వెలువరించాడు. ఏ శలాకకూ కనిపించని దృశ్యం ఆ కోతలలో బయటపడింది: తంతువులు తెగిన కటకం కంటి లోపల కొన్నిచోట్ల వదులుగా తేలుతూ, కొన్నిచోట్ల గోడకు అతుక్కుని, అలాగే మిగిలి ఉంది.