స్వంత సేద్యమా, కౌలా? – ఎలై విట్నీ పత్తి యంత్రము



భూమి గలవానికి రెండు మార్గములు గలవు. తానే దున్నుకొనవచ్చును, లేదా కౌలున కీయవచ్చును. తానే దున్నినచో ఫలమంతయు తనదే, కాని ఎద్దులును, మనుష్యులును, పెట్టుబడియు తనవే కావలెను. కౌలున కిచ్చినచో రాబడి కొంత తగ్గినను పొరుగువాని శక్తి తనకు తోడగును. క్రొత్త యంత్రమును కనిపెట్టినవానికిని ఇదే విచారము. నేను పాఠశాలలో చరిత్ర బోధించు కాలమున దీనికి నిదర్శనముగా అమెరికా దేశపు కథ నొకదానిని చెప్పుచుంటిని.

ఎలై విట్నీ 1765లో మాసచూసెట్సు రాష్ట్రమున జన్మించెను. 1792లో యేల్ కళాశాలయందు పట్టము పొంది, దక్షిణమున జార్జియాకు బోయి, కాథరిన్ గ్రీన్ అను నామె తోటలో బస చేసెను. ఆ ప్రాంతపు మెట్టభూములలో పండు పొట్టి పోగు పత్తి గింజను గట్టిగా పట్టుకొని యుండును. రెండు కడ్డీల నడుమ పత్తిని నడిపి గింజను విడదీయు పరికరము మన దేశమున ప్రాచీనకాలమునుండి యున్నదే గాని, అట్టిది ఈ పత్తికి చక్కగా పనిచేయదు. ఒక మనిషి దినమెల్ల చేతితో ఒలిచినను దూది ఒక పౌను వచ్చుట కష్టము.

విట్నీ గుండ్రని కొయ్యమొద్దునకు తీగ కొక్కెములు బిగించి, సన్నని సందులుగల అడ్డుకట్టకు ఆనించి త్రిప్పెను. కొక్కెములు దూదిని సందులగుండ లాగుకొనగా గింజలు ఇవతలనే నిలిచెను. ఒక కుంచె ఆ దూదిని ఊడ్చివేసెను. 1794 మార్చి 14వ తేదీన ఆ యంత్రమునకు పేటెంటు అను ప్రత్యేక హక్కు లభించెను.

అప్పుడు విట్నీయు, అతని భాగస్వామి ఫినియాస్ మిల్లరును స్వంత సేద్యమునే యెన్నుకొనిరి. యంత్రములను అమ్మరు, ఇతరులు చేసికొనుటకు అనుమతి నీయరు, రైతులందరు పత్తిని తమయొద్దకే తేవలెను. గింజపత్తి అయిదు పౌనులు దెచ్చినవానికి శుభ్రమైన దూది ఒక పౌను ఇత్తురు. అనగా వచ్చిన దూదిలో ఇంచుమించు అయిదింట రెండు పాళ్లు వారివే.

మన గ్రామమున గానుగవాడు నూనెలో అయిదింట రెండు పాళ్లు తనకే యన్నచో మన మూరకుందుమా? అచ్చటి రైతులును ఊరకుండలేదు. యంత్రము సులభమైనది, చూచిన కమ్మరి యెవడైనను చేయగలడు. అందరి పత్తికి చాలినన్ని యంత్రములు వీరియొద్ద లేవు. 1795లో న్యూహేవనులోని వీరి కర్మశాల తగులబడెను. ఊరూర దొంగయంత్రములు వెలసెను. 1797లో వేసిన వ్యాజ్యము చట్టములోని లోపమువలన ఓడిపోయెను; ఆ లోపము 1800 వరకు సవరింపబడలేదు.

తుదకు వారు కౌలుమార్గమునకే వచ్చిరి. దక్షిణ కారొలినా ప్రభుత్వము తన ప్రజల పక్షమున ఆ హక్కును 50,000 డాలర్లకు కొనుటకు ఒప్పుకొనెను. ఉత్తర కారొలినా యంత్రములపై పన్ను విధించి ఆ సొమ్ము నిచ్చుట కంగీకరించెను. కౌలును నిష్కంటకము కాలేదు: దక్షిణ కారొలినా నడుమ కొంతకాలము చెల్లింపు నిలిపివేసెను. 1803లో మిల్లరు మరణించెను. 1807లో న్యాయస్థానము విట్నీ పక్షమున తీర్పు చెప్పెను గాని, హక్కు గడువు ఆ యేడే ముగిసెను. 1812లో గడువు పొడిగింపుమని అతడు వేడుకొనగా కాంగ్రెసు నిరాకరించెను.

ఈ కథవలన నాకు తోచినది ఇది. అందరికి వెంటనే అవసరమై, అందరికి చేయ సులభమైన వస్తువును ఒక్కడే గుప్పిట బట్టుట కష్టము. మొదటనే స్వల్పమైన రుసుము గైకొని అనుమతించినచో, దొంగిలించుటకంటె చెల్లించుటే మేలని పలువురు తలంచియుందురు. అధికమైన పాలు కోరినప్పుడు చౌర్యమే న్యాయమని జనులకు తోచును. అయితే స్వంతముగా నడుపుట ఎల్లప్పుడు తప్పనియు జెప్పరాదు. పనియంతయు నడుపగల శక్తియు, ఇతరులకు సులభముగా చిక్కని నేర్పును గలవానికి అదియే లాభకరము కావచ్చును.

ఇంకొక మాట. ఈ యంత్రమువలన పత్తిసాగు విస్తరించినకొలది బానిసత్వమును విస్తరించెను. 1790 జనాభా లెక్కలో ఆ దేశమున బానిసలు సుమారు 7 లక్షలు. 1860లో సుమారు 39 లక్షల 50 వేలు. దూదిలో పాలు ఎవరికెంత అని పండ్రెండేండ్లు వాదించుకొన్నవారిలో, ఆ పత్తిని ఏరిన చేతులకు పాలెంత అని అడిగినవా డొక్కడును లేడు. హక్కులను గూర్చి విచారించు పెద్దలు ఆ ప్రశ్ననుగూడ మరువకుందురు గాక.