చిప్ ఫ్యాక్టరీల్లో నీటి పునర్వినియోగం

ఎలక్ట్రానిక్ చిప్‌ల తయారీలో నీటిని ఎక్కువగా వాడేది కడగడానికే. చిప్‌లు తయారయ్యే పలుచని సిలికాన్ పలక (వేఫర్) మీద పొరలు వేయడం, చెక్కడం, నునుపు చేయడం వంటి పనులు వందల దశల్లో సాగుతాయి. వీటిలో చాలా దశల తర్వాత వేఫర్‌ను లవణాలన్నీ తీసేసిన అతిశుద్ధ జలంతో కడుగుతారు. మొదటి కడుగులో ఆమ్లాలు దిగుతాయి. ఆఖరి కడుగు నీరు మాత్రం కుళాయి నీటికన్నా శుభ్రంగా ఉండొచ్చు. రెండింటినీ ఒకే కాలువలోకి వదిలితే అంతా మురుగే. అందుకే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కలిసిన నీటికి ఒక గొట్టం, రాగి కలిసిన నీటికి ఒకటి, అమ్మోనియాకు మరొకటి వేస్తారు. ఫ్లోరైడు నీటికి కాల్షియం కలిపితే కాల్షియం ఫ్లోరైడు మడ్డిగా అడుగుకు దిగుతుంది. దాన్ని ఎండబెట్టి, గనిలో దొరికే ఫ్లోరైట్‌కు బదులుగా ఉక్కు పరిశ్రమకు ఇవ్వొచ్చు. ఆఖరి కడుగు నీరు కూలింగ్ టవర్లకు పోతుంది. ఇదంతా ఫ్యాక్టరీ కట్టేటప్పుడే, గొట్టాలు వేసే దగ్గరే తేలిపోవాలి. తర్వాత సరిదిద్దడం చాలా ఖరీదు.

అయితే కంపెనీలు గొప్పగా చెప్పుకొనే పునర్వినియోగ శాతం ఒక్కటే కొలమానం కాదు. ఒకే నీటిని నాలుగైదుసార్లు తిప్పితే శాతం పెరుగుతుంది. ఉత్పత్తీ పెరిగితే బయటినుంచి తోడే నీరు తగ్గకపోవచ్చు. తైవాన్‌లో చిప్ తయారీ కంపెనీ టీఎస్ఎంసీ ప్రక్రియ నీటిలో 85 శాతానికి పైగా తిరిగి వాడుతూనే 2019లో రోజుకు సుమారు 1,56,000 టన్నుల నీరు తీసుకుంది. 2020లో ఆ దీవిని ఒక్క తుఫానూ తాకలేదు. 56 ఏళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. 2021లో జలాశయాలు అడుగంటితే ప్రభుత్వం దాదాపు 74,000 హెక్టార్లకు సాగునీరు ఆపింది. ఫ్యాక్టరీలు ట్యాంకర్లు తెప్పించుకుని నడిచాయి.

తైవాన్ నీటిలో ఇంచుమించు 70 శాతం సాగుకే పోతుంది, పరిశ్రమ వాటా దానిముందు చిన్నది, రైతులకు పరిహారమూ ఇచ్చారు కదా అన్నది బలమైన వాదనే. కానీ దేశం మొత్తం లెక్క ఒక జలాశయం కింద ఎండిన పొలానికి వర్తించదు. పరిహారం రైతుకు అందినా ట్రాక్టరు కిరాయికిచ్చేవాడికీ నారు పెంచేవాడికీ పని పోతుంది. కాబట్టి కొలవాల్సింది గోడ లోపల తిరిగే నీటితోపాటు గోడ దాటి వచ్చేదీ పోయేదీ. పోయేదాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1981లో అమెరికాలోని శాన్‌హొసేలో తెలిసింది. అక్కడ ఫెయిర్‌చైల్డ్ అనే కంపెనీ చిప్ ఫ్యాక్టరీలోని భూగర్భ ట్యాంకు నుంచి కారిన ద్రావకం తాగునీటి బావిలో తేలింది.

పొలాల నీటికి పోటీ పడకుండా ఉండే దారి ఒకటుంది: తైవాన్‌లోని తైనాన్ నగరంలో 2022 నుంచి శుద్ధి చేసిన మురుగునీరు చిప్ ఫ్యాక్టరీలకు అందుతోంది. దీనికి కరెంటు ఎక్కువ పడుతుందన్న అభ్యంతరం నిజమే. తైవాన్ విద్యుత్తులో సింహభాగం బొగ్గు, గ్యాస్‌లదే. అయినా ఆ భారం కంపెనీ బిల్లులో కనిపిస్తుంది, పొలం మీదికి పోదు. అంతకన్నా మొండి చిక్కు యూరియా. ఊరి మురుగులో ఉండే ఈ పదార్థానికి విద్యుదావేశం లేదు, అణువూ చిన్నది. నీటిని వడకట్టే రివర్స్ ఆస్మోసిస్ పొర దాన్ని సరిగా ఆపలేదు. అది చిప్ మీద నమూనా ముద్రించే దశను పాడుచేస్తుంది గనుక వదిలించుకోవడానికి అదనపు శుద్ధి దశలు పెట్టాల్సి వస్తోంది.