‘పడకపోవుట’కు పుట్టిన పేరు

పందొమ్మిదవ శతాబ్దాంతమున కంఠసర్పి పసిబిడ్డల గొంతునకు పొరగట్టి, ఊపిరి సలుపనీయక ప్రాణములను హరించుచుండగా, బేరింగ్ మొదలగు శాస్త్రజ్ఞులు గుఱ్ఱములకు ఆ వ్యాధివిషమును కొద్దికొద్దిగా నెక్కించి, వాని నెత్తుటినుండి తీసిన తేట తల్లుల పాలిట దైవమై నిలిచెను. అయితే ఆ తేట నెక్కించిన బిడ్డలలో కొందరికి వారము పదిదినములు గడచిన పిమ్మట జ్వరము తగిలి, కీళ్లు నొచ్చి, ఒంటినిండ దద్దురులు లేచుచుండెను.

వియన్నా నగరమున శిశువైద్యులగు క్లెమెన్స్ ఫన్ పిర్కే, బేలా షిక్ అనువారు ఈ బిడ్డల మంచముల చెంత నిలిచి దినములు లెక్కించిరి. అదే తేటను కొంతకాలమునకు మరల నెక్కించినచో దినములు పట్టదు. గంటలలోనే, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే, సూది పొడిచిన చోటు ఎఱ్ఱబారి, ఉబ్బి, దురదపెట్టును. తేట మునుపటిదే, బిడ్డ శరీరమే మారినది! వ్యాధినుండి ఒంటిని రక్షించు శక్తియే దానిని బాధించునని వారు చెప్పుట పలువురకు మింగుడుపడలేదు గాని, అంతటి సాహసోపేతమైన ఊహ ఆనాటి వైద్యమున అరుదని నాకు తోచును. 1905లో వారిరువురును దీనిపై గ్రంథము ప్రకటించిరి. 1906లో పిర్కే ‘అన్యము’, ‘క్రియ’ యను అర్థములుగల గ్రీకు పదములను జోడించి ‘అలర్జీ’ యను మాటను సృష్టించెను. వంకాయ తిని దద్దురులు లేచిన బిడ్డను జూచి మన తల్లులు ‘పడలేదు’ అందురు. పదార్థమును నిందింపక, దానికిని ఒంటికిని గల పొత్తును జెప్పెడు ఆ మాట పిర్కే భావమునకు మిక్కిలి చేరువ.

మరుసటి యేట ఆయనయే ఈ భావము నాధారముగ గొని, క్షయను కనుగొనుటకై బిడ్డల ముంజేతి చర్మమును రవంత గీరి, క్షయక్రిముల సారమగు ట్యుబర్క్యులిన్ చుక్క వేసి, అచట ఎఱుపెక్కునా యని వేచిచూచెను.