పూర్వపాఠానికి మరలడం: రాజమహేంద్రవర భారతం, వెర్షన్ కంట్రోల్ భావన

పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ప్రారంభించి 1966లో పూర్తిచేసిన సంస్కృత మహాభారత సంశోధిత ప్రతికి గోదావరి తీరాన పుట్టిన తెలుగు కావ్యం కూడా సాక్ష్యంగా నిలిచింది. 1933 నాటి ఆదిపర్వ పీఠికలో వి.ఎస్. సుక్తంకర్ ప్రాచీన జావా గద్యానువాదంతోను, క్షేమేంద్రుని భారతమంజరితోను పాటు నన్నయ భారతాన్ని పరిగణించాడు. దీనికి కాలమే కారణం. రాజరాజనరేంద్రుని పాలన 1022–1061. ఆదిపర్వ సంశోధనకు లభించిన తేదీగల ప్రతులలో అతి ప్రాచీనమైనది 1511 నాటి నేపాల ప్రతి. నన్నయ చూసిన పాఠం దానికంటే నాలుగు శతాబ్దాలకు పైగా పూర్వపుది.

సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో పూర్వరూపానికి మరలడం నేడు క్షణాల పని. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్ మొదలుకొని ప్రతి మార్పూ నమోదవుతూ వచ్చింది. రెండు రూపాల మధ్య భేదానికి ఆ రంగంలో పేరు ‘డెల్టా’. గోదావరి ప్రాంతానికి ఇది చిరపరిచితమైన మాటే, అర్థం మాత్రం వేరు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ నిర్మించిన ఆర్‌సీఎస్ ప్రధానశాఖలోని తాజా రూపాన్ని సంపూర్ణంగా ఉంచి, వెనుకటి రూపాలను డెల్టాలుగా భద్రపరచింది. 2005 నాటి గిట్‌లో ప్రతి మార్పుకూ కర్త, కాలం, మాతృక నమోదవుతాయి. అక్కడ వెనక్కి మరలడమంటే దాచినదాన్ని తిరిగి తీయడం.

తాళపత్ర సంప్రదాయంలో దాచినది లేదు. లేఖకుడు ఒక మాతృకను చూసి రాస్తూ, వేరొక శాఖలోని శ్లోకాన్ని మెచ్చి చేర్చుకుంటాడు; ఎక్కడినుండి తెచ్చాడో చెప్పడు. శాఖలు కలిసిపోతాయి గాని కలిసిన గుర్తు మిగలదు. కనుక సంశోధకునిది ఊహాపూర్వకమైన పునర్నిర్మాణం. వ్యాసుడు చెప్పగా వినాయకుడు రాసిన కథను సుక్తంకర్ మూలం నుండి తప్పించినా అనుబంధంలో ఉంచాడు. గిట్‌లోని ‘రివర్ట్’ సైతం పాత మార్పును చెరపదు. దాన్ని రద్దుచేసే కొత్త మార్పును చేర్చుతుంది. ఈ పోలిక పైపైది కాదు: చరిత్రను తుడిచివేసే సంస్కరణను రెండు రంగాలూ నమ్మలేదు.

అయితే నన్నయను సాక్షిగా పిలిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఆయన యథాతథానువాదకుడు కాడు. సంక్షేపించాడు, విడిచాడు, పెంచాడు. ఒక వృత్తాంతం ఆయన రచనలో ఉండి సంస్కృత ప్రతులతోనూ సరిపోలితే, అది పదకొండవ శతాబ్దినాటికే ప్రచారంలో ఉందనడానికి బలమైన ఆధారం. లేకపోతే అది అప్పటికి పుట్టలేదనడం తొందరపాటు. ప్రక్షిప్త నిర్ణయంలో నన్నయ మౌనాన్ని ప్రమాణంగా చూపే వాదాలు ఈ భేదాన్ని విస్మరిస్తున్నాయి.

నన్నయ స్వీయరచనకూ ఈ సమస్య తప్పలేదు. అరణ్యపర్వం నాలుగవ ఆశ్వాసంలో ఆయన రచన ఆగింది. మిగిలినది పూరించిన ఎఱ్ఱన దాన్ని రాజరాజనరేంద్రునికే అంకితంగా నడిపాడు. శైలిలోనూ అతుకు తెలియనీయలేదు. పర్వాంతంలో మాత్రం తన పూరణ సంగతి తానే చెప్పుకున్నాడు. ఆ పద్యాలు ప్రతుల్లో జారిపోయి ఉంటే, నన్నయ ఎక్కడ ఆగాడో తేల్చడానికి ఛందస్సు, పదప్రయోగం తప్ప మరో ఆధారం ఉండేది కాదు.